అంకెలు కట్టిన బాణీ

పాటకు బాణీ కట్టేది మనిషి. ఆ పని యంత్రం చేయగలదా? అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో లెజారెన్ హిల్లర్ అనే రసాయన శాస్త్రవేత్తకు ఈ ఆలోచన కలిగింది. ఆయన సంగీతం కూడా నేర్చినవాడు. లియొనార్డ్ ఐజాక్సన్‌తో కలిసి ‘ఇల్లియాక్’ అనే కంప్యూటర్‌తో ప్రయోగం చేశాడు.

కంప్యూటర్‌కు స్వరాలు తెలియవు, అంకెలే తెలుసు. అందుచేత మొదట రెండు స్థాయిల స్వరాలకు 0 నుంచి 14 వరకు అంకెలను గుర్తులుగా పెట్టారు. చీటీ తీసినట్లు యంత్రం ఒక అంకెను తీస్తుంది. అది సంగీత నియమాలకు సరిపోతే ఉంచుతుంది. లేకుంటే వదిలి మరొకటి తీస్తుంది. బాణీ మొదలైన స్వరంతోనే ముగియాలన్నది ఒక నియమం. 50 సార్లు వెదకినా తగిన స్వరం దొరకకపోతే, కూర్చినదంతా చెరిపి మళ్లీ మొదలుపెడుతుంది. ఇలా మెట్టుమెట్టుగా నిర్ణయించిన పనిక్రమాన్ని ‘అల్గారిథమ్’ అంటారు.

యంత్రం ఇచ్చిన గుర్తులను మనుషులు స్వరలిపిలో రాసుకొన్నారు. 1956 ఆగస్టు 9న నలుగురు వాద్యకారులు అందులో మూడు భాగాలను తంత్రీవాద్యాలపై వినిపించారు. నాలుగు భాగాల ఆ రచన పేరు ‘ఇల్లియాక్ సూట్’.

మరి ఆ బాణీ ఎవరిది? అంకెలు తీసింది యంత్రమే. కాని నియమాలు పెట్టింది మనుషులు. ఆ నియమాలు ఎన్నో తరాల సంగీతజ్ఞులు విని, ఆలోచించి నిలిపినవి. నియమం తప్పిన స్వరాన్ని ఇల్లియాక్ పట్టుకోగలిగింది. బాణీ మనసుకు హత్తుకొందో లేదో చెప్పవలసింది మాత్రం విన్న మనుషులే.

ప్రశ్నలు
1. స్వరాలకు అంకెలను ఎందుకు గుర్తులుగా పెట్టారు?
2. ఇల్లియాక్ సూట్ కర్త ఎవరని మీరు అనుకొంటున్నారు? కారణాలు రాయండి.