చిన్నచూపు: అది అలవడు విధము, దానిని మానుకొను విధము



పాఠశాలలో మేము లెక్కలు, చరిత్ర, వ్యాకరణము బోధింతుము. వానిలో కొన్నింటిని పిల్లలు పరీక్షలు ముగియగానే మరచెదరు. ఎవ్వరును పాఠముగా చెప్పకయే నేర్చుకొని, జీవితాంతము మరువని పాఠ మొకటి కలదు. తోటి మనుష్యుని కులమునుబట్టి, రంగునుబట్టి, భాషనుబట్టి తక్కువగా చూచుటయే ఆ పాఠము. అది ఎట్లు అలవడుచున్నదో, అలవడినదానిని ఎట్లు మానుకొనవచ్చునో ఈ వ్యాసమున విచారింతము.

పుట్టుకతో వచ్చునా?

"ఇది రక్తములోనే యున్నది, మార్చలేము" అని కొందరందురు. పసిబిడ్డలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు వేరుగా చెప్పుచున్నారు. 2005లో వెలువడిన ఒక ఇంగ్లండు పరిశోధనలో, అప్పుడే పుట్టిన తెల్లజాతి శిశువులు ఏ జాతివారి ముఖమునైనను ఒకే రీతిగా చూచిరి. మూడు నెలల శిశువులు మాత్రము తమ జాతివారి ముఖములను ఎక్కువసేపు చూచిరి. మరుసటి సంవత్సరము వెలువడిన మరియొక పరిశోధనలో, ఇజ్రాయేలు దేశమున రెండు జాతులవారి నడుమ పెరుగుచున్న ఇథియోపియా సంతతి శిశువులయందు ఈ భేదము కనబడలేదు. ఇది ద్వేషము కాదు. అలవాటుపడిన ముఖముపై చూపు నిలుచుట మాత్రమే. అయినను ఇందు మనకొక హెచ్చరిక యున్నది. బిడ్డ యెదుట మనము ఎవరిని ఉంచుదుమో వారే ఆ బిడ్డకు "మనవారు" అగుదురు.

ఇంటిలోని వాచకము

పరిచయము లేనంతమాత్రమున చిన్నచూపు కలుగదు. తెలియని ముఖమునకు అర్థము చెప్పువారు పెద్దలే. బిడ్డ క్రొత్త స్నేహితుని పేరు చెప్పగానే "వాండ్లెవరు?" అని అడుగు ప్రశ్న, పనిమనిషికై వేరుగా ఉంచిన గ్లాసు, ఒక వీధి పేరు వచ్చినప్పుడు తగ్గిపోవు గొంతు, "పిల్ల నలుపేగాని మంచి చదువరి" యను మాటలోని ఆ "గాని" - ఇవియే దీనికి వాచకములు. చర్మపు రంగు మెలనిన్ అను పదార్థమునుబట్టి ఏర్పడును. ఎండ తీవ్రముగా గల దేశములందు తరతరములుగా నివసించినవారికి అది ఎక్కువ. బుద్ధికిగాని గుణమునకుగాని దానితో సంబంధము లేదు. 1975లో మన దేశమున అమ్మకమునకు వచ్చిన "ఫెయిర్ అండ్ లవ్లీ" లేపనము 2020లో పేరు మార్చుకొనెను. మన యిండ్లలోని ఆ "గాని" మాత్రము ఇంకను మారలేదు.

చిన్నచూపునకు గురియైన బిడ్డయు ఆ పాఠమునే నేర్చును. అమెరికాలో కెన్నెత్ క్లార్క్, మామీ క్లార్క్ అను నల్లజాతి దంపతులు 1940 తరువాతి సంవత్సరములలో 253 మంది నల్లజాతి పిల్లలకు రంగుతప్ప అన్నివిధముల సమానమైన బొమ్మలను చూపిరి. మూడింట రెండువంతులమంది ఆడుకొనుటకు తెల్లబొమ్మనే కోరిరి. తమవంటి బొమ్మయే చెడ్డదని పెక్కుమంది చెప్పిరి. జాతులవారీగా వేరు బడులు రాజ్యాంగవిరుద్ధమని ఆ దేశపు సుప్రీంకోర్టు 1954 మే 17న తీర్పు చెప్పినప్పుడు ఈ పరిశోధనను కూడ పేర్కొనెను.

ఈ పాఠము నేర్చుటకు ఎంతకాలము పట్టును? 1968 ఏప్రిలులో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన మరునాడు, అయోవా రాష్ట్రమున జేన్ ఎలియట్ అను ఉపాధ్యాయిని తన మూడవ తరగతి పిల్లలను కన్నుల రంగునుబట్టి రెండుగా విభజించి, ఒక రంగువారు శ్రేష్ఠులని చెప్పెను. కొన్ని గంటలలోనే "శ్రేష్ఠులు" గర్వపడి తోటివారిని హేళన చేసిరి. తక్కువవారనబడిన పిల్లలు వచ్చిన పాఠములోనే తప్పులు చేసిరి. పసివారిని నొప్పించు ఆ పద్ధతి మనము అనుసరింపదగినది కాదు. కాని పెద్దల మాటకు ఎంత బలము కలదో దానివలన తెలియును.

మన చుట్టుప్రక్కల

ఇక మన రాష్ట్రమునకు వత్తము. 1954లో మన గుడియాత్తం ఉపఎన్నికలో గెలిచి శాసనసభలో ప్రవేశించిన ముఖ్యమంత్రి కామరాజు, 1956లో ఎట్టయపురమున బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకమును ప్రారంభించెను. ఆకలి తీర్చుటయేకాక, అన్ని కులముల పిల్లలను ఒక పంక్తిలో కూర్చుండబెట్టుటయు దాని ఫలము. 2023 సెప్టెంబరులో అదే ఎట్టయపురమునకు చేరువనున్న ఉసిలంపట్టి గ్రామమున, షెడ్యూల్డు కులపు స్త్రీ వండినదను కారణమున కొందరు పిల్లలు బడిలో ఉదయపు ఫలహారమును ముట్టలేదు. పార్లమెంటు సభ్యురాలు కనిమొళి మున్నగు పెద్దలు వచ్చి, పిల్లల సరసన కూర్చుండి దానినే తినిరి, పిల్లలును తినిరి. ఆ ఫలహారపు రుచిలో కులము లేదు. ఇంటిలో చెప్పిన మాటలో ఉండెను. నేర్పినది పెద్దలు, మాన్పినదియు పెద్దలే.

2019 ఆగస్టులో, అప్పటికి మన వేలూరు జిల్లాలోనే యున్న వాణియంబాడి సమీపపు నారాయణపురమున మరియొక సంగతి జరిగెను. శ్మశానమునకు పోవు దారిలోని పొలములవారు అడ్డుపడినందున, ఒక దళితుని శవమును బంధువులు పాలారు వంతెనమీదినుండి త్రాళ్ళతో క్రిందికి దింపవలసివచ్చెను. మద్రాసు హైకోర్టు ఆ విషయమును తనంతట తానే విచారణకు తీసికొనెను. అంటరానితనమును రద్దుచేసిన రాజ్యాంగపు 17వ అధికరణము అమలులోనికి వచ్చి అప్పటికి 69 ఏండ్లు నిండినవి. శాసనము చేతిని ఆపగలదు. చూపును మార్చవలసినది మనమే.

చూచు కన్ను మారినచో

1860 నవంబరు 16న ట్రూరో యను ఓడ మద్రాసునుండి మొదటి ఒప్పందపు కూలీలను దక్షిణాఫ్రికాలోని డర్బను రేవునకు చేర్చెను. తరువాతి అయిదు దశాబ్దములలో ఉత్తర ఆర్కాటు ప్రాంతమునుండి తెలుగువారు, తమిళులు ఎందరో అచ్చటి చెరకుతోటలకు పోయిరి. స్వగ్రామమున వారిలో ఒకరు పైవారు, ఒకరు క్రిందివారు. ఆ దేశపు తెల్లజాతివారి కన్నులకు అందరును "కూలీ"లే. 1950లో అచ్చటి ప్రభుత్వము ప్రజలను జాతులవారీగా నమోదుచేసి, ఏ జాతివారు ఎచ్చట నివసింపవలెనో శాసించెను. తెల్లజాతివారితో సమానమైన వోటుహక్కు వారి సంతతికి 1994లోగాని లభింపలేదు. ఇచ్చటి పైవాడు అచ్చట క్రిందివాడాయెను. మనిషి మారలేదు, చూచు కన్ను మారెను. కావున తక్కువతనము మనిషిలో లేదు, చూపులో ఉన్నది.

మనము వేసికొనవలసిన ప్రశ్న

తమిళనాట తెలుగు పిల్లవానిని "గొల్టి" యని వెక్కిరించుట మనము వినియున్నాము. ఆ మాట పడి యింటికి వచ్చిన బిడ్డ ముఖము చూచిన తల్లికి దాని బాధ తెలియును. మన భాషను చూచి నవ్వువారిపై మనకు కోపము వచ్చుట న్యాయమే. అయితే మనల మనము ఒక ప్రశ్న అడుగవలెను. ఈ రాష్ట్రపు అరుంధతీయులలో పెక్కుమంది ఇంటిభాష తెలుగే. ఊరిని శుభ్రపరచుట, చెప్పులు కుట్టుట అను పనులకు సమాజము తరతరములుగా వారిని కట్టివేసెను. 2009లో రాష్ట్రప్రభుత్వము షెడ్యూల్డు కులముల 18 శాతపు రిజర్వేషనులో వారికి 3 శాతము ప్రత్యేకించెను. సభలలో మనము "తెలుగువారము" అన్నప్పుడు ఆ లెక్కలో వారు ఉన్నారా? జనాభా లెక్కలో మనవారై, భోజనపంక్తిలో పరులగుదురా? ఆ పిల్లల ప్రక్కన మన పిల్లవానిని కూర్చుండనీయమన్నచో, మనపై నవ్వువారిని తప్పుపట్టుటకు మనకు నోరు ఎట్లు వచ్చును?

మానుకొను విధము

మొదటి మెట్టు, అసత్యపు కారణమును తొలగించి నిజకారణమును తెలిసికొనుట. కుష్ఠురోగుల చేతివ్రేళ్ళు రోగమువలననే కుళ్ళి రాలునని లోకము నమ్మి వారిని ఊరి వెలుపల ఉంచెను. మన వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో డాక్టరు పాల్ బ్రాండు, నరములు చెడి స్పర్శ తెలియనందున తగులు గాయములే అందుకు ముఖ్యకారణమని గుర్తించెను. 1940 దశాబ్దపు చివరినుండి ఆయన శస్త్రచికిత్సతో ఆ చేతులను మరల పనికి తెచ్చెను.

రెండవ మెట్టు, కలిసి పనిచేయుట. 1954లో గార్డన్ ఆల్‌పోర్ట్ అను మనశ్శాస్త్రవేత్త దీనికి నాలుగు నియమములు చెప్పెను: ఇరువురును సమానస్థాయిలో ఉండవలెను, ఒకే లక్ష్యము ఉండవలెను, పోటీ గాక సహకారము ఉండవలెను, పెద్దల ఆమోదము ఉండవలెను. ఢిల్లీలో 2007నుండి కొన్ని ప్రైవేటు పాఠశాలలు పేదపిల్లలకు స్థానములు కేటాయింపవలసివచ్చెను. గౌతమ్ రావు అను ఆర్థికశాస్త్రవేత్త 2019లో వెలువరించిన పరిశోధన ప్రకారము, పేద సహపాఠులు గల ధనికుల పిల్లలు ఇతరులకు పంచియిచ్చుటలో ఉదారులైరి. పరుగుపందెమునకు జట్టు ఎన్నుకొనునపుడు పేదవానిని పేదరికముచేతనే త్రోసిపుచ్చుట తగ్గెను. వారి లెక్కల మార్కులు తగ్గలేదు. ఇంగ్లీషులో మాత్రము కొంచెము తగ్గెను. ఆ కొంచెమును ఉపాధ్యాయులమైన మేము పూరింపగలము. మొదటిది మీ సహాయము లేక మాకు సాధ్యము కాదు.

కావున ఇంటిలో మీరు చేయదగిన పనులు కొన్ని మనవి చేయుచున్నాను. బిడ్డ స్నేహితుని కులము అడుగక, వాని కిష్టమైన ఆట ఏదని అడుగుడు. వానిని ఇంటికి పిలిచి, మీ బిడ్డకు పెట్టిన పళ్ళెములోనే పెట్టుడు. వేరు గ్లాసును తీసివేయుడు. కులమును తెలుపు రంగుదారములు చేతికి కట్టి బడికి పంపకుడు. జస్టిస్ చంద్రు సంఘము 2024లో ప్రభుత్వమునకిచ్చిన నివేదికలోను ఇట్టివి వలదని సూచించెను. బంధువులలో ఎవరైన హేళనగా మాటాడినచో, బిడ్డ వినుచుండగానే మర్యాదగా ఖండింపుడు. మీ మౌనమును బిడ్డ ఒప్పుదలగా భావించును.

అమ్మభాషతోపాటు బిడ్డకు మనము ఇచ్చునది చూపు. భాష చక్కగా రావలెనని ఎంత శ్రద్ధ వహింతుమో, చూపు చక్కగా ఉండవలెనని అంత శ్రద్ధ వహింపవలెను. ఈ బడిలో పంక్తిగా కూర్చుండు పిల్లలు రేపు ఇరుగుపొరుగువారై బ్రదుకవలసినవారు. వారి నడుమ మనము గోడ కట్టకుందుముగాక.