అడవి అంచున ఇల్లు - అగ్ని బీమా

మాఘము వెళ్ళి ఫాల్గుణము వచ్చుసరికి మన నిజామాబాదు జిల్లాలో ఆకు రాలును. సిర్నపల్లి, ఇందల్వాయి, వర్ని వైపు అడవులలో ఎండుటాకు నేలపై దట్టముగా పరచుకొనును. ఫిబ్రవరి నుండి మే నెల వరకు ఆ అడవికి నిప్పు భయము తప్పదు. అదే కాలములో బోధను, ఎడపల్లి, రెంజల్ ప్రాంతములలో చెరకు నరికిన మళ్ళలోని ఎండాకును, యాసంగి కోత పిదప వరికొయ్యలను తగులబెట్టుట అలవాటుగా నున్నది. ఒక వైపు అడవి, ఒక వైపు మడి, నడుమ మన ఇల్లు.

1937లో స్థాపించిన బోధను చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. ఆ తరువాత ఈ ప్రాంతమున చెరకు తగ్గి వరి పెరిగినది. కాలునట్టి చెత్త మారినది గాని కాల్చు అలవాటు మారలేదు.

గత వేసవిలో అడవి అంచున ఉన్న ఒక పల్లెకు పోయియుంటిని. మడిలో పెట్టిన నిప్పు గాలికి ఎగిరి గట్టు మీది పొదలకు, అచటి నుండి ఒక రైతు గడ్డివాముకు, కొట్టమునకు అంటుకొన్నది. ఇంటి కప్పు కొంత కాలినది. ఆ రైతు ఇల్లు కట్టుటకు బ్యాంకులో అప్పు తీసికొనియుండెను. నన్ను చూడగానే ఆయన, "సారూ, బ్యాంకోళ్లు ఇన్సూరెన్స్ పైసలు కోసుకున్నరు గద. మరి నా గడ్డివాముకు, కొట్టానికి ఎందుకియ్యరు?" అని అడిగెను. ఆ బీమా కాగితము ఆయన ఎన్నడును చూడలేదు. అది ఇంటి కట్టడమునకు మాత్రమే, అందులోను అప్పు మొత్తము వరకే తీసికొన్నది. విత్తనము, ఎరువు, పురుగు మందు గూర్చి ఆ పల్లెలో నేను ఎన్నో మారులు చెప్పితిని గాని ఈ సంగతి ఒక్క మారును చెప్పలేదు. ఆ లోటు తీర్చుటకే ఈ వ్యాసము.

నియమములు ఎట్లు మారినవి?

మన దేశములో సాధారణ బీమా వ్యాపారమును 1972 చట్టము ద్వారా జాతీయము చేసిరి. 1999 చట్టముతో బీమా నియంత్రణ సంస్థ ఏర్పడినది. దాని ప్రధాన కార్యాలయము మన హైదరాబాదులోనే కలదు. ఆ పిమ్మట ప్రైవేటు కంపెనీలు కూడ వచ్చినవి. 2006 చివరి వరకు అగ్ని బీమా రేట్లు అన్ని కంపెనీలకు ఒక్కటే. 2007 జనవరి నుండి ఎవరి రేటు వారు నిర్ణయించుకొనుచున్నారు. కనుక ఒకచోట అడిగి ఊరకుండక రెండు మూడు చోట్ల విచారించవలెను.

పాత ప్రామాణిక అగ్ని పాలసీలో ఒక చిక్కు ఉండెడిది. పొదల మంటల వలన కలిగిన నష్టము అందులో చేరియుండగా, అడవి మంటల నష్టమును మినహాయించిరి. అది కావలెనన్న అదనపు ప్రీమియము కట్టి వేరుగా చేర్చుకొనవలసి వచ్చెడిది. అడవి అంచు పల్లెలలో ఈ మాట తెలిసినవారు ఎందరు?

2021 ఏప్రిల్ 1 నుండి ఈ చిక్కు తీరినది. అగ్ని బీమా చేయు సాధారణ బీమా కంపెనీలన్నియు 'భారత్ గృహ రక్ష' అను ఒకే నమూనా పాలసీని తప్పక అందించవలెనని నియంత్రణ సంస్థ ఆదేశించినది. ఇందులో అగ్ని, పిడుగు, గాలివాన, వరదలతో పాటు పొదల మంటలు, అడవి మంటలు కూడ చేరియున్నవి.

ఈ పాలసీ వలన లాభములు

1. ఇంటి కట్టడమునకు బీమా చేసినపుడు ఇంటి సామానుకు కూడ, జాబితా ఇవ్వకయే, కట్టడపు మొత్తములో నూటికి 20 వంతు, 10 లక్షల రూపాయలకు మించకుండ రక్షణ కలుగును. అంతకు ఎక్కువ కావలెనన్న వివరములు ఇచ్చి చేర్చుకొనవచ్చును.

2. తక్కువ మొత్తమునకు బీమా చేసినచో పరిహారమును ఆ నిష్పత్తిలో కోయుట పాత పద్ధతి. 10 లక్షల ఇంటిని 5 లక్షలకే బీమా చేసి 2 లక్షలు నష్టపోయినచో 1 లక్ష మాత్రమే చేతికి వచ్చెడిది. గృహ రక్షలో ఈ కోత లేదు. బీమా మొత్తమునకు లోబడి నష్టమంతయు ఇత్తురు. అయినను ఇల్లంతయు కాలినచో ఆ 5 లక్షలే గదా వచ్చునది! కావున తిరిగి కట్టుటకు ఎంత అగునో అంతకే బీమా చేయవలెను. స్థలము వెల ఇందులో చేర్చనక్కరలేదు.

3. ఒకేసారి పది సంవత్సరముల వరకు పాలసీ తీసికొనవచ్చును.

4. ప్రహరీ గోడ, నీటి ట్యాంకు, గోబరు గ్యాసు ప్లాంటు, సౌర పలకలు కట్టడములో భాగముగనే లెక్కించబడును.

ఇందులో రానివి

పొలములోని పైరు ఇంటి బీమాలోనికి రాదు. పశువులకు వేరు పాలసీ కలదు. ధర కొరకు ఇంటిలో నిలువ చేసిన పసుపు, ధాన్యము అమ్మకపు సరుకే గాని ఇంటి సామాను కాదు. వానికి వేరుగా బీమా చేయవలెను, లేదా గిడ్డంగిలో ఉంచవలెను. గడ్డివామును, కొట్టమును గూర్చి కంపెనీని ముందే అడిగి జవాబును వ్రాతలో తీసికొనవలెను. తడి గడ్డి వాము వేసినచో లోపల వేడి పుట్టి తానై అంటుకొనుట రైతులకు తెలిసినదే. సరుకు తనంతట తాను వేడెక్కి కాలిన నష్టము పాలసీలో చేరునో లేదో ముందే చూచుకొనవలెను.

పాలసీ తీసికొనునపుడు

గడ్డి, తాటాకు, వెదురు తడికలు గల కట్టడమును బీమా వారు కచ్చా నిర్మాణమందురు. ఇల్లు అట్టిదైన దాచరాదు. అడవికి ఎంత దూరమని అడిగిన ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను. గల్ఫు దేశములకు పోయి ఇంటికి తాళము వేసినవారు ఆ సంగతి కంపెనీకి వ్రాసి తెలుపవలెను. దాచిన మాటయే రేపు పరిహారమునకు అడ్డు వచ్చును. ప్రీమియము ముందుగా చేరనిదే బీమా ఆరంభము కాదని చట్టము. ఏజెంటు మాటతో తృప్తిపడక రసీదు, పాలసీ చూచుకొనవలెను. బ్యాంకు ద్వారా చేసిన బీమా అయినచో నకలు అడిగి ఇంటిలో ఉంచుకొనవలెను.

నిప్పు పడినయెడల

ముందు మనుషులను, పశువులను తప్పించి 101కు గాని 112కు గాని ఫోను చేయవలెను. పిదప ఆలస్యము లేకుండ కంపెనీకి తెలిపి, కాలిన చోటును ఫోటోలు తీసి, సర్వేయరు చూచు వరకు వీలైనంత మట్టుకు కదల్పక ఉంచవలెను. అగ్నిమాపక శాఖ వారి ధ్రువపత్రము భద్రపరచవలెను. కంపెనీ నిరాకరించినను, నెల దినములు జవాబీయకున్నను హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చును. ఖర్చు లేదు. నిరాకరించిన నాటి నుండి ఏడాది లోపల పోవలెను.

బీమాకు ముందు జాగ్రత్త

బీమా కాగితము మంటను ఆర్పదు. అమెరికాలో మన తెలుగువారు ఎందరో నివసించు కాలిఫోర్నియా రాష్ట్రమును చూడుడు. అచట బీమా రేట్లకు ప్రభుత్వపు అనుమతి కావలెనని 1988లో ప్రజలు ఓటు ద్వారా నిర్ణయించిరి. అత్యవసర పరిస్థితి ప్రకటించిన కార్చిచ్చు ప్రాంతములలో ఏడాది వరకు ఇంటి పాలసీలను నిలిపివేయరాదని 2018లో చట్టము చేసిరి. అయినను నష్టములు పెరిగి, 2023 మే నెలలో అచటి పెద్ద కంపెనీ ఒకటి క్రొత్త ఇంటి పాలసీలు ఇచ్చుట మానివేసినది. 2025 జనవరిలో లాస్ ఏంజిలిస్ పరిసరములలో వేల ఇండ్లు కాలినవి. చట్టము కంపెనీని కొంత వరకే నిలుపగలదు. ఇల్లు కాలు ప్రమాదము తగ్గిననే బీమా దొరకును, ధరయు అందుబాటులో ఉండును. అందుకే 2022 నుండి అచట ఇంటి చుట్టు మంట అంటుకొను వస్తువులను తొలగించినవారికి ప్రీమియము తగ్గించవలెనని నియమము పెట్టిరి. ఇంటి గోడకు చుట్టు 5 అడుగుల మేర ఏమియు కాలునది ఉండరాదనుట అందులో ముఖ్యము.

మన వాకిళ్ళలో గోడకు ఆనించి కట్టెలు, పందిరి పక్కన గడ్డివాము! ఇవి ముందు జరుపవలెను. ఫిబ్రవరిలోనే ఈ పనులు చేయుడు:

- వామును చోటున్నంత దూరముగా, గాలి ఇంటి వైపు తోలని దిక్కున వేయుడు.
- కప్పు మీది, చూరులోని ఎండుటాకు ఊడ్చివేయుడు.
- చెరకు ఆకును కాల్చక హెక్టారుకు 3 టన్నుల చొప్పున సాళ్ళ నడుమ పరచుడు. తేమ నిలుచును, కలుపు తగ్గును.
- వరికొయ్యలను కలియదున్నుడు. గడ్డిని కట్టలు కట్టించి పశువులకు వాడుడు.
- ఇప్పపూల కొరకు, తునికాకు చిగురు కొరకు, తేనె కొరకు అడవిలో నిప్పు పెట్టకుడు. రిజర్వు అడవిలో నిప్పు పెట్టుట 1967 అటవీ చట్టము ప్రకారము నేరము.
- అటవీ శాఖ వారు ఫైర్ లైన్లు తీయునపుడు ఊరివైపు గట్టును గ్రామస్థులు కలిసి శుభ్రము చేయుడు.

ఒక్కని ఇల్లు శుభ్రముగా ఉండి పొరుగువాని మడి మండినచో ఫలము లేదు. కనుక ఈ నెల రైతు వేదికలో కూర్చున్నపుడు విస్తరణాధికారితో ఈ విషయము చర్చించుడు. ఇంటికి పోయి మీ బీమా కాగితము తీసి, ఏ ఇంటికి, ఎంతకు, ఏ తేదీ వరకు ఉన్నదో చూచుకొనుడు. కాగితము లేనివారు బ్యాంకులో అడుగుడు. అది కాలిన తరువాత చదువవలసిన కాగితము కాదు.