కంప్యూటరు దస్త్రములకు తాళములు

ఇంటికి తాళము వేసి, తాళపుచెవిని కకిరిగుమ్మ స్టేషనులో వ్రేలాడదీయువారుండరు. కంప్యూటరు దస్త్రములకును ఇదే నీతి. 1969లో బెల్ ప్రయోగశాలలో పుట్టిన యూనిక్సునందును, దాని బాటనే 1991లో వెలసిన లినక్సునందును ప్రతి దస్త్రమునకు యజమాని, బృందము, ఇతరులు అను మూడు వర్గములవారికి వేర్వేరు అనుమతులు కలవు. చదువుటకు 4, వ్రాయుటకు 2, నడుపుటకు 1.

పిల్లల మార్కుల పట్టికకు 640 విధించితిమనుకొందము. 4, 2 కలిసి 6 గనుక యజమానియగు గుమాస్తా చదివి దిద్దగలడు. 4 గనుక ఉపాధ్యాయబృందము చదువగలదు, దిద్దజాలదు. 0 గనుక ఇతరులకు ప్రవేశము లేదు. 666 విధించినచో ఆ యంత్రమును వాడు ఎవరైనను మార్కులు మార్చగలరు. ‘రూట్’ అను సర్వాధికారికి ఈ అడ్డులు లేవు. కావున నిత్యపు పనికి ఆ పేరున ప్రవేశింపరాదు.

తల్లిదండ్రులారా! మన పిల్లల వివరములను ఎవరు చదువగలరో, ఎవరు దిద్దగలరో బడిని అడుగుదము.