ఈతిబాధలు - వృక్షాయుర్వేదము: అనంతపురపు వేరుసెనగ తెగులును గూర్చిన కారణవిచారము

తెలుగువారు 'ఈతిబాధలు' అను మాటను సంసారమునందలి సర్వవిధములైన కష్టములకును వాడుచున్నారు. సంస్కృతమున 'ఈతి' శబ్దమున కింత విస్తృతార్థము లేదు. పైరునకు కలుగు ఉపద్రవము ఈతి. అతివృష్టి, అనావృష్టి, మూషికములు, శలభములు, శుకములు, ప్రత్యాసన్నులైన రాజులు అని ఈతులు ఆరుగా ప్రసిద్ధములు. వీనిలో ఎలుక, శలభము, చిలుక అను మూడును పైరుతో ఆహారసంబంధము గల ప్రాణులు. ఈ గణనలో కంటికి కనబడు శత్రువులే చేరినవి. కంటికి కనబడనివియు, ఒక మొక్కయందు నిరపాయముగా నుండి వేరొక మొక్కను చంపునవియు ఇందు చేరలేదు. అట్టి దొకటి 2000 సంవత్సరమున అనంతపురము జిల్లాను పీడించినది. దానిని నిమిత్తముగా గొని, వృక్షాయుర్వేదమును ఓరియంటల్ కళాశాలలలో ఎట్లు బోధింపవలయునో విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము.

శాస్త్రదృష్టి

అథర్వవేదము ఆరవ కాండమున ధాన్యమును నాశనము చేయు ప్రాణులను తొలగింపుమని అశ్వినులను ప్రార్థించు సూక్తము కలదు. కౌటిల్యుడు అర్థశాస్త్రము నాల్గవ అధికరణమున ఎలుకల బాధకు ప్రతీకారము చెప్పి, శలభ పక్షి క్రిమి భయములకు కూడ అదియే మార్గమని అతిదేశము చేసినాడు. వరాహమిహిరుడు బృహత్సంహితయందలి వృక్షాయుర్వేదాధ్యాయమున చలి, గాలి, ఎండ అనువాని వలన చెట్లకు రోగములు కలుగునని చెప్పి, ఆకులు పాలిపోవుట, చిగుళ్ళు పెరుగకుండుట, కొమ్మలు ఎండుట, రసము స్రవించుట అనువానిని లక్షణములుగా పేర్కొనెను. చెడిన భాగమును శస్త్రముతో తొలగించి, వాయువిడంగములు, నెయ్యి, బురద కలిపి పూసి, పాలు కలిపిన నీటితో తడుపుట ఆయన చెప్పిన చికిత్స. సురపాలుడు తన వృక్షాయుర్వేదమున రోగములను రెండుగా విభజించెను. వాతపిత్తకఫముల వలన కలుగునవి ఆంతరములు. క్రిములు, చలి మొదలగువాని వలన కలుగునవి బాహ్యములు. సుమారు వేయి సంవత్సరముల క్రిందటిదని భావింపబడు ఈ గ్రంథము యొక్క వ్రాతప్రతి ఆక్స్‌ఫర్డు నగరమునందలి బోడ్లియన్ గ్రంథాలయమున నుండగా, సికింద్రాబాదునందలి ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ 1996లో ఆంగ్లానువాదముతో ప్రకటించినది.

ఈ గ్రంథములలో ఒక సామాన్యధర్మము కలదు. ఇవి ప్రధానముగా ఒక్కొక్క చెట్టునకు చెప్పిన చికిత్సలు. ఉద్యానమునందలి మామిడికి పాలు పోయవచ్చును. లక్షల ఎకరముల మెట్టపైరునకు పోయుట సాధ్యము కాదు. ఈ భేదమును విద్యార్థులకు మొదటనే స్పష్టము చేయవలయును.

దేశము, పైరు

అనంతపురము జిల్లాలో వేదవతీనదికి, అనగా హగరికి, సమీపమున నున్నది కణేకల్. తుంగభద్ర ఎగువకాలువ నీరు అందు మాగాణులలో వరియు, అందని మెట్టలలో వర్షాధారపు పైరులును పండుచున్నవి. హగరి ఇసుక గాలికి లేచి చేలను కప్పుట ఈ ప్రాంతమువారికి పరిచితమైన బాధ. జిల్లా సగటు వర్షపాతము ఏటికి ఇంచుమించు 550 మిల్లీమీటర్లు. ఇట్టి నేలలో ఇరువదవ శతాబ్దమున వేరుసెనగ ప్రధానమైన పైరయ్యెను. అది దక్షిణ అమెరికానుండి వచ్చినది. కావున ప్రాచీన సంస్కృత గ్రంథములలో దాని ప్రసక్తి ఉండుటకు అవకాశము లేదు.

వయ్యారిభామ అని తెలుగున పిలువబడు పార్థీనియము కూడ అమెరికా ఖండమునుండియే వచ్చినది. ఈ కలుపు మొక్క 1950ల నడుమ పుణె నగరమున గుర్తింపబడి, కొలదికాలముననే దేశమంతటను వ్యాపించినది. బాటల ప్రక్కలను, కాలువగట్లను, పొలముగట్లను, బీళ్ళను ఇది ఆక్రమించును. వానలు పడగానే మొలచి, కొన్ని వారములలో పూచి, పుప్పొడిని విస్తారముగా విడుచును.

2000 నాటి ఉపద్రవము

2000 ఖరీఫునందు అనంతపురము జిల్లాలో వేరుసెనగ లేత ఆకులపై మచ్చలు పడి, మొవ్వు ఎండి, కాండము నల్లబడి, మొక్కలు చనిపోయినవి. ఇంచుమించు 2,25,000 హెక్టారులలో ఈ తెగులు కనబడినది. నష్టము 300 కోట్ల రూపాయలకు మించినదని శాస్త్రజ్ఞులు లెక్కించిరి. దీనికి కారణము పొగాకు చారల వైరస్ అని పటాన్‌చెరువునందలి ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు మొదలగువారు నిర్ణయించిరి. అంతకుముందు 1997లో కర్ణాటకమునందలి బాగేపల్లి ప్రాంతమున సూర్యకాంతి పైరు ఇదే జాతి వైరస్ వలన దెబ్బతినియుండెను. వేరుసెనగకు వచ్చిన ఈ వ్యాధికి 'కాండం కుళ్ళు తెగులు' అని పేరు.

కారణవిచారము

అన్నంభట్టు తర్కసంగ్రహమున కార్యమునకు నియతముగా పూర్వమందుండునది కారణమనెను. అన్యథాసిద్ధము కారాదను నియమమును వ్యాఖ్యాతలు చేర్చిరి. కుండకు మట్టి మోసిన గాడిద అన్యథాసిద్ధమునకు ప్రసిద్ధోదాహరణము. కాండం కుళ్ళు తెగులు విషయమున ఈ లక్షణమును అన్వయించి చూడవచ్చును.

చేనిలో కనబడునవి తామరపురుగులు. ఇవి ఆకును గోకి రసము పీల్చు అతిసూక్ష్మమైన కీటకములు. తామరపురుగే కారణమన్నచో వ్యభిచారదోషము వచ్చును. తామరపురుగులున్నను ఈ తెగులు లేని చేలు కలవు. పుప్పొడియే కారణమన్నచో, వైరస్ లేని పుప్పొడి ఆకుపై పడినను తెగులు కలుగదు. వైరస్ ఒక్కటియే చాలునన్నచో, గాయము లేని ఆకులోనికి అది ప్రవేశింపజాలదు. వైరస్ సోకిన వయ్యారిభామ రోగలక్షణములు చూపక పచ్చగా నుండి పూయును. దాని పుప్పొడియందు వైరస్ ఉండును. పూవులయందు తిరుగు తామరపురుగులు ఆ పుప్పొడిని ఒంటికి అంటించుకొని వేరుసెనగపై వ్రాలును. అవి ఆకును గోకినప్పుడు కలిగిన గాయమునుండి పుప్పొడియందలి వైరస్ లోనికి పోవును. కావున వైరస్, వైరస్ గల పుప్పొడి, గాయము చేయు తామరపురుగు అను మూడింటి సామగ్రియే కారణము. ఏ ఒక్కటియు ఒంటరిగా కాదు.

మొవ్వుకుళ్ళు తెగులుతో పోల్చినచో ఈ భేదము స్పష్టమగును. అదియు వేరుసెనగకు తామరపురుగుల ద్వారానే వచ్చును. లక్షణములును దగ్గరగా నుండుటచే భ్రాంతికి అవకాశము కలదు. కాని దానికి కారణమైన వైరస్ వేరు. అది తామరపురుగు శరీరమందే వృద్ధి పొందును. కాండం కుళ్ళునందు తామరపురుగు పుప్పొడిని మోయుటయు గాయము చేయుటయు మాత్రమే చేయును. కార్యములు సదృశములైనను కారణసామగ్రి భిన్నమనుటకు ఇంతకంటె తేటయైన ఉదాహరణము అరుదు.

వేరుసెనగ పూవు విచ్చుటకు ముందే స్వపరాగసంపర్కము పొందును. దాని పుప్పొడి వెలుపలికి వ్యాపింపదు. అందువలన రోగము వేరుసెనగనుండి వేరుసెనగకు ఎక్కువగా ప్రాకదు, వెలుపలినుండియే వచ్చును. అనగా రోగము చేనిలో కనబడినను, రోగమూలము గట్టుమీద నున్నది.

నిదానపరివర్జనము

క్లుప్తముగా చెప్పినచో చికిత్స యనగా రోగకారణమును వర్జించుటయే యని సుశ్రుతుని అభిప్రాయము. కాండం కుళ్ళు సోకిన మొక్కను బాగుచేయు ఔషధము లేదు. కావున ఇచట నిదానపరివర్జనమే చికిత్స. వయ్యారిభామను పూతకు రాకముందే పెరికివేయవలయును. పూచిన పిదప పెరికినచో పుప్పొడి అప్పటికే వెలువడియుండును. ఈ మొక్క తాకిడికి చర్మవ్యాధియు, ఉబ్బసమును కలుగవచ్చును గనుక చేతులకు తొడుగులు ధరింపవలయును. చేని చుట్టును నాలుగు వరుసల జొన్న గాని సజ్జ గాని దట్టముగా విత్తినచో గాలివాటున వచ్చు తామరపురుగులను, పుప్పొడిని చాలవరకు అది అడ్డగించును.

ఒక్క రైతు తన గట్టును శుభ్రపరచుకొనిన చాలదు. పొరుగుగట్టునుండి వచ్చు పుప్పొడికి సరిహద్దు లేదు. ఈతులలో ఆరవదియైన 'ప్రత్యాసన్నరాజులు' అను దానిని ఈనాటి రైతు పొరుగుగట్టునకు అన్వయించుకొనవచ్చును. ఊరంతయు కూడి చేయవలసిన పని ఇది.

ఉపకారక జీవులు

ప్రాచీనుల ఈతిగణనలో పైరునకు హాని చేయు ప్రాణులే కలవు. మేలు చేయు ప్రాణులను వేరుగా గణింపలేదు. క్షేత్రమున ఇవియు తక్కువ కాదు. వేరుసెనగ వేళ్ళయందలి బుడిపెలలో రైజోబియము అను సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని మొక్కకు ఆహారముగా మార్చును. అక్షింతలపురుగు పేనుబంకను తినును. ఎర్రగొంగళిపురుగు కోశస్థములు నేలలో వేసవి గడపును. వేసవి దుక్కిచే అవి పైకి తేలినప్పుడు పక్షులు ఏరి తినును. మిగిలినవి తొలకరి వానలకు రెక్కల పురుగులై వెలువడగా, రైతులు రాత్రులయందు చేలలో మంటలు వేసి ఆకర్షించి చంపుదురు. కావ్యములలో దీపమున పడు శలభమునకును, చేలను తిను శలభమునకును సంస్కృతమున ఒకే పేరుండుటను ఇచట గమనింపవచ్చును.

వయ్యారిభామకును శత్రువు కలదు. దాని ఆకులను తిను మెక్సికో దేశపు పెంకుపురుగును తెచ్చి 1984లో బెంగళూరున విడిచిరి. తంగేడు, వెంపలి వంటి స్థానికములైన మొక్కలు దట్టముగా పెరిగినచోట వయ్యారిభామ వ్యాప్తి తగ్గును. కాబట్టి గట్టుపై నున్న ప్రతి మొక్కయు కలుపు కాదు. ఏది రోగమునకు ఆశ్రయము, ఏది రక్షణ అను వివేకము ఆవశ్యకము.

పూర్వపక్షము, సమాధానము

వేదమున క్రిములు చెప్పబడినవి గనుక వైరస్ మన పూర్వులకు తెలిసినదేయని కొందరందురు. ఇది సమంజసము కాదు. క్రిమిశబ్దమును లాగి వైరస్‌పై వేసినచో శబ్దమునకు గాని శాస్త్రమునకు గాని గౌరవము మిగులదు. పాత గ్రంథములు ఈనాటి చేలకు ఎందుకును పనికిరావని మరికొందరందురు. ఇదియు సమంజసము కాదు. వానిలోని ఔషధయోగములు ఒక ఎత్తు. రోగమును ఆంతరమనియు బాహ్యమనియు విభజించుట, లక్షణములను వేరుచేసి చూచుట, కారణమును వర్జించుట అను పద్ధతి మరియొక ఎత్తు. యోగములను ప్రత్యక్షముగా పరీక్షించి స్వీకరింపవలయును, లేదా విడువవలయును. పద్ధతి మాత్రము నేటికిని నిలుచును.

సుశ్రుతుడు గర్భోత్పత్తికి దృష్టాంతముగా ఋతువు, క్షేత్రము, జలము, బీజము అను నాలుగింటి కలయికచే అంకురము కలుగునని చెప్పెను. రోగమును కూడ ఈ నాలుగింటి దృష్టితో చూడవచ్చును. 2000 నాటి ఉపద్రవమున ఋతువు తొలకరి. క్షేత్రము గట్టుతో కూడిన చేను. జలము వయ్యారిభామను, వేరుసెనగను ఒకేమారు పెంచిన వాన. బీజము పుప్పొడియందలి వైరస్. బోధకులు ఈ ఉదాహరణమును తరగతిలో వివరించి, విద్యార్థులను సమీపమున నున్న చేనిగట్టునకు కొనిపోయి వయ్యారిభామను, తంగేడును, అక్షింతలపురుగును చూపినచో, అన్వయవ్యతిరేకములు వారికి కంఠస్థములుగా మాత్రమే మిగులక ప్రత్యక్షముగా బోధపడును. మెట్టసేద్యము చేయు ఇండ్లనుండి వచ్చు విద్యార్థులకు శాస్త్రము తమ చేనికి సంబంధించినదియే యను విశ్వాసమును కలుగును.