కాలిబలము – యంత్రబలము

నల్లగొండ జిల్లాలోని దేవరకొండ దుర్గము ఏడు కొండల నడుమ వెలసినది. రేచర్ల పద్మనాయకుల నాటి ఆ కోటచెంత సైకిలు త్రొక్కు బాలునకు ఎత్తు అనగా నేమో యెవ్వరును చెప్ప నక్కరలేదు. దారి ఏటవాలైనంతనే పిక్కలు బిగియును, ఊపిరి వేగిరపడును. ‘వెనుకనుండి ఎవరైన కొంచెము త్రోసిన బాగుండును గదా!’ యని తోచును.

విద్యుత్ సైకిలు చేయు పని యిదియే. దానియందు బ్యాటరీయు, చిన్న మోటారును ఉండును. పెడలు త్రొక్కగానే మోటారు తిరిగి చక్రమునకు సాయపడును. త్రొక్కుట మానిన, సాయమును ఆగును. వృద్ధులకును, దూరము పోయి పనిచేయు వారికిని ఇది మేలు చేయు సాధనము.

మరి పందెములో దీనికి చోటున్నదా? పందెము కొలుచునది దేహబలమును, సాధనను, ఓర్పును. 2016 జనవరిలో బెల్జియములోని జోల్డర్‌లో సైక్లోక్రాస్ ప్రపంచ పోటీలు జరిగెను. అందు ఫెమ్కె వాన్ డెన్ డ్రీషె అను యువతి పక్షమున ఉంచిన సైకిలును పరీక్షింపగా, చట్రములో దాచిన మోటారు బయటపడెను. అది తన స్నేహితుని సైకిలని, పొరపాటున వచ్చినదని ఆమె చెప్పుకొనెను. అయినను అంతర్జాతీయ సైక్లింగు సమాఖ్య ఆమెను ఆరేండ్లపాటు పోటీలనుండి నిషేధించి, 20,000 స్విస్ ఫ్రాంకుల జరిమానా విధించెను. పిమ్మట ఎక్స్-కిరణ పరీక్షలును పోటీలలో ప్రవేశించెను.

ఆ సమాఖ్యయే 2019లో కెనడాలో విద్యుత్ సైకిళ్లకు ప్రత్యేకముగా కొండదారుల ప్రపంచ పోటీని నిర్వహించెను. నియమములు స్పష్టము. మోటారు బలము 250 వాట్లకు మించరాదు. వేగము గంటకు 25 కిలోమీటర్లు దాటినచో మోటారు సాయము ఆగిపోవలెను. అందరికిని ఒకే సాయము గలదు కనుక, గెలుపు మరల నేర్పునకును, ఓర్పునకును దక్కును.

ఒకచోట మోటారు శిక్షకు కారణమయ్యెను. వేరొకచోట బహుమానమునకు సాధనమయ్యెను. అందరెదుట నియమము ప్రకారము గైకొన్న సాయము ధర్మము. తోటివారి కన్నుగప్పి గైకొన్నది దొంగతనము. కాలిబలముతో గుట్ట నెక్కి కడపటివాడుగా వచ్చిన బాలుడు తలయెత్తి ఇంటికి పోవచ్చును. దాచిన మోటారుతో ముందు వచ్చినవానికి ఆ భాగ్యము లేదు.

ప్రశ్నలు
1. విద్యుత్ సైకిలు ఎట్లు పనిచేయును?
2. 2016 పోటీలలో ఏమి జరిగెను?
3. మోటారు సాయము ఎప్పుడు ధర్మము, ఎప్పుడు అధర్మము?