గుత్తి దుర్గము

సముద్రతీరమునందలి కోటలకు సముద్రమే అగడ్త. మహారాష్ట్ర తీరమున నీటి నడుమ బండపై నిలిచిన జంజీరా కోట ఇందులకు నిదర్శనము. వానలు అరుదైన అనంతపురము సీమలో అట్టి అగడ్త ఎక్కడిది? అచ్చట కొండయే కోట. అట్టి గిరిదుర్గములలో ప్రసిద్ధమైనది గుత్తి.

అనంతపురమునకు ఉత్తరమున సుమారు 50 కిలోమీటర్ల దూరములో, చదునైన నేలపై, వలయాకారముగా కొన్ని రాతికొండలు నిలిచియున్నవి. పూర్వులు వానిని గోడలతోను బురుజులతోను కలిపి దిగువ కోటను నిర్మించిరి. పడమటి కొండ అన్నింటికంటె ఉన్నతమైనది. మైదానమునుండి సుమారు 300 మీటర్లు లేచిన ఆ కొండపై ఎగువ కోట ఉన్నది. విజయనగర ప్రభువైన బుక్కరాయల నాటి శాసనమొకటి ఈ కోటను దుర్గములకు రాజని కీర్తించినది.

నేడు కోటను చూడబోవువారు ఒకదాని వెనుక నొకటిగా ద్వారములు దాటుచు, మెలికలు తిరిగిన దారిని ఎక్కవలెను. పలుచోట్ల సహజమైన బండయే గోడకు పునాది. కొన్నిచోట్ల నిట్టనిలువు చరియయే గోడ. పైన ధాన్యపు కొట్లు, మందుగుండు కొట్టు శిథిలములై కనబడును. చరియ అంచున మురారిరావు కూర్చుండెడిదని చెప్పు చిన్న మంటపమున్నది. అచ్చటినుండి చూచినచో క్రింది ఊరంతయు బొమ్మరిండ్ల వరుసవలె తోచును.

వీనికంటె ముఖ్యముగా చూడదగినవి నీటి తొట్లు. బండల నెఱ్ఱెలలో అమర్చిన ఈ తొట్లలో వాననీరు చేరి నిలుచును. కొండపై ఏఱు లేదు. కావలివారికి ఆ నీరే ప్రాణము.

పదునెనిమిదవ శతాబ్దిలో మరాఠా సేనాని మురారిరావు ఘోర్పడే గుత్తిని ఏలుచుండెను. మైసూరు నేలిన హైదరాలి కోటను ముట్టడించెను. దిగువ కోట పడిపోగా జనులు పశువులతో సహా ఎగువ కోట చేరిరి. త్రాగు నోళ్ళు పెరిగినవి, తొట్లు తరిగినవి. సంధి మాటలు సాగుచుండగా, కోటలో నీరు అడుగంటిన సంగతి హైదరాలి చెవిని పడినదని చరిత్రకారులు వ్రాసిరి. ఇక ఆయన సంధికి సమ్మతింపలేదు. 1776లో మురారిరావు లొంగిపోయెను, చెఱలోనే మరణించెను.

శత్రుసేనకు ఎక్కశక్యము గాని కొండను దాహము జయించినది. నేటికిని అనంతపురము దేశములో మిక్కిలి తక్కువ వాన కురియు జిల్లాలలో ఒకటి. కురిసిన ప్రతి చినుకును దాచుకొనుటయే ఈ సీమకు రక్ష. గుత్తి కొండమీది తొట్లు నేటికిని చెప్పుచున్న పాఠమిదియే.