రెండో తరగతిలో ఒక వారం



చదువు విలువ గురించి ఈ వార్షిక సంచికలో పెద్దలు ప్రతి ఏటా రాస్తూనే ఉన్నారు. ‘ఇఖ్రా’ అన్న మాటతో మొదలుపెట్టి ఎంతో చక్కగా రాస్తారు. ఆ పని నాకంటే వారే బాగా చేయగలరు కాబట్టి నేను దాని జోలికి పోవడం లేదు. ముప్పై ఏళ్లకు దగ్గరగా చిన్న తరగతులకు పాఠం చెబుతున్నాను. మొదట ఆదిలాబాద్ వైపు పల్లెల్లో, తరువాత కరీంనగర్‌లో. మీ విరాళంతో నడిచే గదిలో సోమవారం నుంచి శనివారం దాకా ఏం జరుగుతుందో, రెండో తరగతి వరకే, ఉన్నది ఉన్నట్టు చెబుతాను. చివరలో మిమ్మల్ని ఒకటి అడుగుతాను.

ముందు తరగతి సంగతి. ముప్పై నాలుగు మంది పిల్లలు. ఇరవై ఒక్క మంది ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు. మిగతావారిలో ఇద్దరిది మరాఠీ, వాళ్ల కుటుంబాలు ఆదిలాబాద్ నుంచి పని కోసం వచ్చాయి. మిగిలినవాళ్లది తెలుగు. పుస్తకం మాత్రం ఇంగ్లీషు. 2018లో వచ్చిన చట్టం ప్రకారం మన రాష్ట్రంలో ఏ మీడియం బడి అయినా తెలుగు నేర్పాలి. అంటే ఏడేళ్ల పిల్లవాడు అమ్మీతో ఒక భాష, వీధిలో ఒక భాష, పుస్తకంలో మూడోది మోస్తున్నాడు. సాయంత్రం మసీదులో అరబీ ఖాయిదా ఉండనే ఉంది. అది కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, మాది ఎడమ నుంచి కుడికి. మొదటి రెండు నెలలు కొందరు పిల్లలు నోట్‌బుక్‌ను వెనుక అట్ట నుంచి తెరుస్తారు. దాన్ని తప్పు అనకూడదు, అది వాళ్లు నేర్చుకున్న పద్ధతే.

సోమవారం మాటల రోజు. పుస్తకం తెరవం. ఆదివారం ఎక్కడికి పోయారు, ఇంటికి ఎవరొచ్చారు, ఏం తిన్నారు అని అడుగుతాను. ఏ భాషలోనైనా చెప్పవచ్చు. ‘నక్కో’, ‘హౌ’ అని దక్కనీలో మొదలుపెట్టిన పిల్లవాడిని నేను ఆపను. వాడు చెప్పింది తెలుగులో ఇంకొకరు చెప్పాలి, ఇంగ్లీషులో రెండు ముక్కలు నేను బోర్డు మీద రాస్తాను. పోయినసారి ఒకడు మానేరు డ్యాం చూసి వచ్చానన్నాడు. ఆ వారమంతా మా పదాలు నీళ్లు, గేటు, చేప, పడవ. చూడ్డానికి ఇది ఆటలాగా ఉంటుంది. ఒకసారి బడి చూడడానికి వచ్చిన పెద్దమనిషి “పిల్లలు ముచ్చట్లు పెడుతున్నారే, పాఠం లేదా?” అని అడిగారు. అదే పాఠమని చెప్పాను. నోటితో నాలుగు మాటలు కలిపి చెప్పలేని పిల్లవాడు ఆ నాలుగు మాటలను అచ్చులో గుర్తుపట్టలేడు.

మంగళవారం అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఉర్దూ ఇళ్ల పిల్లలకు ళ, ణ నోరు తిరగవు. ‘పళ్లు’ను ‘పల్లు’ అంటారు. ‘ఎ’కీ ‘ఏ’కీ తేడా పట్టుకోవడానికి నెలలు పడుతుంది. కానీ ఖ, ఘ, ఛ దగ్గరికి వచ్చేసరికి తెలుగు ఇళ్ల పిల్లలు తడబడితే వీళ్లు చకచకా రాస్తారు. ఖానా, ఘర్, ఛత్ అని పొద్దున్నుంచి రాత్రి దాకా అనే నోళ్లు కదా. ఒత్తక్షరాల డిక్టేషన్ రోజున ఎప్పుడూ వెనుక బెంచీలో ఉండేవాళ్లు ముందుకొస్తారు. నేను కావాలనే ఆ డిక్టేషన్‌ను నెలకు రెండుసార్లు పెడతాను.

బుధవారం, గురువారం లెక్కలు. దీని గురించి కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే ఇక్కడే నేను ఒక పాప విషయంలో తప్పు చేశాను.

తెలుగులో అంకెల పేర్లు తేట. ఇరవై తొమ్మిది అంటే ఇరవై, తొమ్మిది. విన్నది విన్నట్టు రాస్తే 29 వస్తుంది. ఉర్దూలో అది ‘ఉంతీస్’, అంటే ముప్పైకి ఒకటి తక్కువ. పిల్లవాడి చెవికి ‘తీస్’ వినబడుతుంది, తీస్ అంటే ముప్పై, వాడు 39 అని రాస్తాడు. 49, 59, 69 దగ్గర కూడా అంతే. మరాఠీలోనూ ఇదే పద్ధతి, 29 అంటే ‘ఏకోణతీస్’. ఆదిలాబాద్ వైపు పని చేసేటప్పుడు మరాఠీ పిల్లలు, ఉర్దూ పిల్లలు ఒకే చోట తప్పడం చూసి నాకు మొదట ఆశ్చర్యంగా ఉండేది. తరువాత అర్థమైంది, వాళ్లకు లెక్క రాక కాదు, తొమ్మిదితో ముగిసే అంకెల పేరు రాక. ఇప్పుడు ఆ ఎనిమిది అంకెలను, 19 నుంచి 89 దాకా, మూడు భాషల్లోనూ పేర్లు పలుకుతూ గోడ మీది చార్టులో చూపిస్తాం. పది నిమిషాల పని. కానీ ఎవరికి అవసరమో తెలిస్తేనే చేయగలం.

ఇక నా తప్పు. పదులు, ఒకట్లు నేర్పడానికి మేం చీపురు పుల్లలు వాడతాం. పది పుల్లలకు రబ్బరు వేస్తే ఒక కట్ట. “ఒక కట్ట, మూడు పుల్లలు, మొత్తం ఎన్ని?” పదమూడు అనాలి. ఒక పాప ప్రతిసారీ ఇరవై ఎనిమిది అంటుంది. రెండు కట్టలు, ఒక పుల్ల అంటే యాభై ఒకటి. పలక మీద ఇంటు మార్కులు పెడుతూ పోయాను. రెండు వారాలు అట్లాగే జరిగింది. నా డైరీలో ఆ పాప పేరు ఎదురుగా ‘లెక్కల్లో బాగా వెనుకబడింది’ అని కూడా రాసుకున్నాను. పాప నాకు ఎదురు చెప్పలేదు. ఏడేళ్ల పిల్లలు టీచరుకు ఎదురు చెప్పరు, తమకే రాదనుకుంటారు.

శనివారం వాళ్ల అమ్మ వచ్చింది. పలక చూసి, కాసేపు ఆగి, “ఆపా, మా ఇంట్లో కట్ట అంటే పాతిక కదా” అంది.

ఆమె బీడీలు చేస్తుంది. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, నిర్మల్ వైపు మన ఇళ్లలో ఎందరు అక్కలు, అమ్మలు చాట ఒళ్లో పెట్టుకుని ఈ పనిలో ఉన్నారో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇరవై ఐదు బీడీలు ఒక కట్ట, నలభై కట్టలు వెయ్యి, కూలి వెయ్యికి ఇంత అని. పాప రోజూ సాయంత్రం అమ్మ పక్కన కూర్చుని కట్టలు లెక్కపెడుతుంది. ఆ పాప దృష్టిలో ఒక కట్ట, మూడు పుల్లలు అంటే ఇరవై ఎనిమిదే. నూటికి నూరు పాళ్లు సరైన జవాబు.

ఆ రోజే పాపను పిలిచి అడిగాను. నాలుగు కట్టలు? వంద. పది కట్టలు? రెండు వందల యాభై. వెయ్యికి ఎన్ని కట్టలు? నలభై. వేళ్లు ముడవకుండా చెప్పింది. రెండో తరగతి పూర్తయ్యేసరికి 999 దాకా అంకెలు చదివి రాయాలని కేంద్రం 2021లో పెట్టిన ‘నిపుణ్ భారత్’ లక్ష్యం. ఆ పాప దాన్ని దాటి నిలబడి ఉంది, నేను వెనుకబడిందని రాసుకున్నాను. డైరీలో ఆ మాట కొట్టేశాను. తరగతిలో ఇప్పుడు ‘కట్ట’ అనడం మానేసి ‘పది కట్ట’ అంటున్నాం, దానికి ఎర్ర రబ్బరు. ఇంకో మాట, పిల్లలు లెక్కపెట్టడం వేరు, పిల్లలతో చుట్టించడం వేరు. ఆ గీత దాటనీయొద్దని ప్రతి అమ్మకూ చెబుతూనే ఉంటాను.

శుక్రవారం జుమా కాబట్టి ఒంటిపూట బడి. బొమ్మలు, మట్టిపని, పాటలు. వివరంగా రాయడానికి ఏమీ లేదు, పిల్లలకు మాత్రం అన్నిటికంటే ఇష్టమైన రోజు.

శనివారం ఒక్కొక్కరిని పక్కన కూర్చోబెట్టుకుని వినే రోజు. ప్రభుత్వ బడుల్లో 2022 నుంచి ‘తొలిమెట్టు’ కార్యక్రమం నడుస్తోంది, ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియలు గట్టిపరచడానికి. వారం చివర పిల్లల్ని పరీక్షించి చూడడం మేం అక్కడి నుంచే నేర్చుకున్నాం. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, మంచిది ఎక్కడున్నా తెచ్చుకోవాలి.

పక్కన కూర్చోబెట్టుకుని ఎందుకు వినాలంటే, అందరూ కలిసి చదివినప్పుడు అందరికీ వచ్చినట్టే వినబడుతుంది. ఒకడు పేజీ మొత్తం గడగడా చదివాడు. వేలు మాత్రం ఇంకో వరుస మీద ఉంది. పేజీ మీద నా చెయ్యి అడ్డం పెట్టాను, అయినా చదువుతూనే ఉన్నాడు. కంఠస్థం. వాడి జ్ఞాపకశక్తికి మెచ్చుకున్నాను, కానీ వాడికి చదవడం రాదు. ఇంకో పాప ఒక్కో పదం కూడబలుక్కుని చదువుతుంది, నెమ్మది. ‘ఇందులో ఏం జరిగింది?’ అంటే కథంతా చెబుతుంది. తల్లిదండ్రుల కంటికి మొదటివాడు హుషారు, రెండో పాప మొద్దు. శనివారం లేకపోతే నా కంటికీ అంతే.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు చదవడానికి, రెండు నిమిషాలు లెక్కకు. ముప్పై నాలుగు మందికి నూట ముప్పై ఆరు నిమిషాలు. అంటే రెండుంపావు గంటలు. ఆ సమయంలో మిగతా ముప్పై మూడు మందిని ఎవరు చూసుకోవాలి? ఒక్క టీచరు ఉన్న గదిలో జరిగేది ఏమిటంటే, సగం మందిని వింటాను, సగం మంది వచ్చే వారానికి పోతారు. బీడీ కట్టల పాప రెండు వారాలు ఇంటు మార్కులతో కూర్చుంది అందుకే. ఐదు నిమిషాలు పక్కన కూర్చుని ‘ఇరవై ఎనిమిది ఎట్లా వచ్చింది బేటా?’ అని అడిగి ఉంటే మొదటి రోజే తేలిపోయేది.

చిన్న తరగతే కదా, పెద్దయ్యాక సర్దుకుంటుందని కొందరు అంటారు. 2005 నుంచి ప్రథమ్ సంస్థవాళ్లు ‘అసర్’ పేరుతో పల్లెల్లో ఇంటింటికీ పోయి పిల్లలతో చదివిస్తున్నారు. వాళ్ల పరీక్షలో చదవడానికి ఇచ్చే అన్నిటికంటే కష్టమైన పేరా రెండో తరగతి స్థాయిది. దాన్ని ఏడో తరగతి, ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా ఇస్తారు, ఎందుకంటే అక్కడ కూడా చదవలేనివాళ్లు ఉన్నారు. వాటంతట అవే సర్దుకునేవైతే ఆ అవసరం ఉండేది కాదు. మన పిల్లలకు 2016 నుంచి మైనారిటీ గురుకులాలు వచ్చాయి, అల్హమ్దులిల్లాహ్, పెద్ద మేలు జరిగింది. కానీ అవి ఐదో తరగతి నుంచి మొదలవుతాయి. దానికి ముందు నాలుగేళ్లు మన చేతుల్లోనే ఉన్నాయి.

మన సంఘం ఖర్చు పట్టికను మీరూ చూసే ఉంటారు. జూన్‌లో బ్యాగులు, నోట్‌బుక్కులు, యూనిఫాం. పదో తరగతి వాళ్లకు పరీక్ష ఫీజులు, మంచి మార్కులు వచ్చినవాళ్లకు వేదిక మీద బహుమతులు, ఫొటోలు. అవి వద్దనను. బ్యాగు లేని పిల్లవాడు బడికి రావడానికి సిగ్గుపడతాడు, అది నాకు తెలుసు. అయితే పోయిన ఏడాది ఇచ్చిన బ్యాగు ఇంకా గట్టిగా ఉన్న పిల్లలు నా తరగతిలో సగానికి పైనే ఉన్నారు.

నేను అడిగేది ఇది. ఒకటి, రెండు తరగతులకు కలిపి ఒక సహాయకురాలు కావాలి. ఇంటర్ చదివి ఇంట్లో కూర్చున్న ఆడపిల్లలు మన మొహల్లాల్లోనే ఉన్నారు, ఉర్దూ, తెలుగు రెండూ వచ్చినవాళ్లు. బీఈడీ అక్కర్లేదు, ఓపిక కావాలి, పిల్లవాడి మాట పూర్తయ్యేదాకా వినాలి. ఎట్లా వినాలో, ఏం రాసుకోవాలో నేను నేర్పుతాను. ఆమెకు నెలకు ఇచ్చే గౌరవ వేతనం, దానికి పక్కన బ్యాగుల ఖర్చు, రెండూ లెక్కగట్టి ఆఫీసులో ఇచ్చాను, అడిగితే చూపిస్తారు. జకాత్ సొమ్ము దీనికి వాడవచ్చా లేదా అన్నది ఆలిములు చెప్పాల్సిన విషయం, నేను చెప్పలేను. అందుకే దీన్ని మామూలు విరాళాల నుంచి ఇవ్వమని అడుగుతున్నాను.

పలక మీద రాస్తున్నాను కాబట్టి ఊరికే నమ్మమని అనడం లేదు. ఏ శనివారమైనా పది గంటలకు రండి. చాప మీద నా పక్కన కూర్చోండి. ఒక్కొక్కరుగా వచ్చి మీకు అర పేజీ చదివి వినిపిస్తారు. మధ్యలో తప్పు దిద్దకండి, ముగించాక ‘ఇందులో ఏం జరిగింది?’ అని మాత్రం అడగండి, ఉర్దూలో అడిగినా సరే. ఫోన్ సైలెంట్‌లో పెట్టుకుని రండి, అది మోగితే పిల్లలు చదవడం మరిచిపోతారు.